ముక్కులో నెత్తురు, ఉమ్మిలో ఎరుపు

ముక్కులోంచి కారే రక్తం చాలాసార్లు ముందుభాగం నుంచే వస్తుంది. రెండు రంధ్రాల మధ్య గోడ మీద, వేలు తగిలేంత దగ్గరలో, సన్నని రక్తనాళాలు గుంపుగా కలుస్తాయి. వాటి మీద ఉన్నది పలుచని పొర ఒక్కటే. అది ఎండి చిట్లితే నెత్తురు కారుతుంది. కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఎండాకాలమంతా వాన దాదాపు పడదు, చలికాలంలో ఇంట్లో హీటరు గాలిని పొడిగా మారుస్తుంది. వసంతంలో పుప్పొడి ఎలర్జీ, ఆపైన కార్చిచ్చు పొగ. 2018 నవంబరులో ఉత్తర కాలిఫోర్నియాలోని ప్యారడైజ్ పట్టణాన్ని బూడిద చేసిన మంటల పొగ, సన్నీవేల్ ఉన్న బే ఏరియాను రోజుల తరబడి కమ్మేసింది. ఎలర్జీకి వాడే స్టెరాయిడ్ స్ప్రే కూడా మధ్య గోడకు తగిలేలా కొడితే రక్తం తెప్పిస్తుంది. దాని మొనను చెవి వైపు తిప్పాలి. పిల్లల్లో ప్రధాన కారణం ముక్కులో వేలు పెట్టడమే.

‘వేడి చేసింది’ అంటూ తల వెనక్కి వాల్చి, మాడు మీద నీళ్లు పోయడం మన ఇళ్లలో అలవాటు. తల వాల్చితే రక్తం గొంతులోకి దిగి వాంతి కావచ్చు. కూర్చుని కాస్త ముందుకు వంగి, ముక్కు మెత్తటి భాగాన్ని 10 నుంచి 15 నిమిషాలు వదలకుండా నొక్కి పట్టాలి.

భారత్ నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. స్టెంట్ వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారికి, వార్ఫరిన్ మింగేవారికి రక్తం త్వరగా ఆగదు. బీపీ ఎక్కువున్నా అంతే. వయసు పైబడినవారిలో ముక్కు వెనకభాగం నుంచి కారితే అది నేరుగా గొంతులోకి పోతుంది. నొక్కినా ఆగకపోతే ఎమర్జెన్సీకి వెళ్లాలి. మాత్రలను మాత్రం డాక్టరు చెప్పకుండా మానకూడదు.

ఉమ్మిలో రక్తం కనిపించినప్పుడు అది ఎక్కడిదో తేల్చుకోవడమే అసలు పని. రాత్రి ముక్కులో కారినది పొద్దున గొంతులో గడ్డగా తగలవచ్చు. బ్రష్ చేసినప్పుడే వస్తే చిగుళ్ల వాపు. గుట్కా, ఖైనీ అలవాటున్నవారికి నోట్లో మానని పుండు ఉంటే క్యాన్సర్ పరీక్ష తప్పదు. వాంతిలో కాఫీపొడి రంగులో పడితే అది కడుపులోది. దగ్గుతో నురగగా, ఎర్రగా వస్తే ఊపిరితిత్తులది.

ఊపిరితిత్తుల నుంచి రక్తం పడటానికి బ్రాంకైటిస్ (శ్వాసనాళాల వాపు) సాధారణ కారణం. క్షయను మాత్రం మరువకూడదు. సన్నీవేల్ ఉన్న శాంటా క్లారా కౌంటీలో క్షయ రోగుల్లో అత్యధికులు అమెరికా బయట పుట్టినవారే. చిన్నప్పుడు సోకిన క్రిమి ఏళ్లపాటు నిద్రాణంగా ఉండి, మధుమేహం వచ్చాక లేవవచ్చు. మూడు వారాలు దాటిన దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం దాని గుర్తులు. బాల్యంలో వచ్చిన కీళ్లవాత జ్వరం గుండె కవాటాన్ని బిగించినా దగ్గులో రక్తం పడుతుంది. పొగతాగేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌నూ అనుమానించాలి. హైదరాబాద్ నుంచి దాదాపు రోజంతా ప్రయాణించి వచ్చిన వ్యక్తికి పిక్క వాచి, ఉన్నట్టుండి ఆయాసం మొదలైతే రక్తపుగడ్డ ఊపిరితిత్తుల్లో చేరి ఉండవచ్చు. 911కు ఫోన్ చేయాలి.

మళ్లీ ముక్కు విషయానికి వస్తే, యుక్తవయసు మగపిల్లల్లో ఒకే వైపు ముక్కు మూసుకుపోయి పదేపదే రక్తం కారితే వెనకభాగంలో కంతి ఉందేమో ఈఎన్‌టీ వైద్యులు చూడాలి. చర్మం తేలిగ్గా కమలడం, నెలసరిలో అధిక రక్తస్రావం కుటుంబంలో ఉంటే, రక్తం సరిగా గడ్డకట్టని వాన్ విల్లెబ్రాండ్ వ్యాధికి రక్తపరీక్ష చేయించాలి.