అంతర్విషయక ఎం.ఏ. చదువు: పావగడ ఒక ఉదాహరణ

డిగ్రీ పూర్తిచేసిన విద్యార్థి ఎం.ఏ.లో చేరేటప్పుడు సాధారణంగా ఒక శాఖను ఎన్నుకుంటాడు. రెండు మూడు శాస్త్రాలను కలిపి ఒకే విషయాన్ని పరిశీలించే చదువును అంతర్విషయక అధ్యయనం అంటున్నాము. 2020 నాటి జాతీయ విద్యావిధానం తరువాత ఈ మాట విశ్వవిద్యాలయాలలో ఎక్కువగా వినబడుతున్నది. అయితే నాలుగు శాఖల నుంచి నాలుగు పేపర్లు ఏరుకున్నంత మాత్రాన అది అంతర్విషయకం కాదు. ఒక్క శాఖతో తెమలని ప్రశ్న ఉన్నప్పుడే ఆ చదువుకు అర్థమున్నది. పావగడను ఉదాహరణగా తీసుకుని ఈ సంగతి వివరిస్తాము.

పావగడ కర్ణాటకలోని తుమకూరు జిల్లా తాలూకా. మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ ఉన్నది. చాలా ఇళ్ళలో మాట తెలుగు. బడిలో, కచేరీలో కన్నడం. వర్షాధారపు వేరుశనగ, తరచు కరువు, ఫ్లోరైడు నీళ్ళు ఈ సీమకు పాత సమస్యలు. తిరుమణి పరిసరాల ఐదు గ్రామాలలో సుమారు 13,000 ఎకరాలలో సౌరవిద్యుత్ పార్కు వెలిసి, 2019 నాటికి 2,050 మెగావాట్ల సామర్థ్యానికి చేరింది. భూములను కొనలేదు, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల చొప్పున మొదలుపెట్టి రైతుల నుంచి కౌలుకు తీసుకున్నారు. భూమి గలవారికి కౌలు వస్తున్నది. భూమి లేని కూలీలకు ఆ పొలాలలో పని పోయింది.

సేద్యం ఆగినచోట కూలి కుటుంబాలు ఎట్లా బతుకుతున్నాయి? ఇది ఒక విద్యార్థి ప్రశ్న అనుకుందాం. పనిదినాలను, వలసలను లెక్కించడానికి అర్థశాస్త్రం కావాలి. కౌలు ఒప్పందాన్ని, పహణీని చదవడానికి భూమి చట్టాలు తెలియాలి. ఇక మాటల సంగతి. రాయలసీమ పలుకుబడిలో గుత్తకు చేయడం వేరు, కోరుకు చేయడం వేరు. మొదటిదానిలో చెల్లింపు ముందే నిర్ణయమవుతుంది. రెండవదానిలో పంటను పంచుకుంటారు. రెండింటినీ ‘కౌలు’ అని రాసుకున్న పరిశోధకుడికి ఆ తేడా పోతుంది. నోటిమాట మీద కోరుకు చేసినవాని పేరు పహణీకి ఎక్కి ఉండకపోవచ్చు. అతని సంగతి తెలియాలంటే అతని భాషలో అడగాలి. ఇంటి తెలుగు, బడి కన్నడం, కళాశాల ఇంగ్లీషు మూడూ తెలిసిన పావగడ విద్యార్థికి ఇది పెద్ద సాధనం.

ఎక్కడ చదవాలి? తుమకూరు విశ్వవిద్యాలయం (2004), అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం (1981), హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం (1974) మన విద్యార్థులు చూడదగినవి. కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయం (1997) పొరుగు రాష్ట్రాల సహకారంతో, ద్రావిడ భాషలను, సంస్కృతులను కలిపి అధ్యయనం చేయడానికే ఏర్పడింది. అయితే ఒక మాట గుర్తుంచుకోవాలి. భాష ఒకటే అయినా, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విశ్వవిద్యాలయాల సీట్ల లెక్కలో పావగడ విద్యార్థి స్థానికేతరుడే.

ఉద్యోగం సంగతి కూడా ముందే ఆలోచించాలి. అధ్యాపక పదవుల ప్రకటనలు సాధారణంగా ‘సంబంధిత విషయంలో’ ఎం.ఏ. అడుగుతాయి. నెట్ పరీక్ష కూడా విషయాలవారీగానే జరుగుతుంది. పట్టా మీద ఏ విషయం పేరు రాస్తారో చేరకముందే విచారించడం అవసరం. పేద కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థికి రెండేళ్ళ చదువు చిన్న ఖర్చు కాదు. అందువల్ల అర్థశాస్త్రం, సమాజశాస్త్రం, తెలుగు వంటి ఒక శాఖలో చేరి, ఓపెన్ ఎలెక్టివ్‌లను పక్క శాఖలలో తీసుకుని, సిద్ధాంతవ్యాసాన్ని అంతర్విషయకంగా రాయడం చాలామందికి అనుకూలమైన మార్గమని మా అభిప్రాయం.

దరఖాస్తు చేయడానికి ముందు మీ ప్రశ్నను తెలుగులో ఒక పుటలో రాయండి. దానికి ఏయే శాస్త్రాలు, ఎందుకు కావాలో కింద రాసుకోండి. ఆ పుటను ఇద్దరు ముగ్గురు వేర్వేరు శాఖల అధ్యాపకులకు చూపించండి. వారిలో ఒక్కరే మొత్తం ప్రశ్నకు దారి చూపగలిగితే, ఆ శాఖలోనే చేరడం మంచిది.