పొరుగును మాత్రమే చూసే మంట

అల్వాల్‌లో అడవి లేదు. చెరువు ఉంది, వెంకటేశ్వరస్వామి గుడి ఉంది, కరీంనగర్ వైపు పోయే రాజీవ్ రహదారి ఉంది, ఆ రహదారి మీద కదలని వాహనాలున్నాయి. అయినా బడులకు వేసవి సెలవులిచ్చారంటే చాలు, ఇక్కడి అపార్ట్‌మెంట్లలో ఎకరాలకు ఎకరాలు అడవి తగలబడిపోతుంటుంది. తలుపులేసిన గదిలో, ల్యాప్‌టాప్ తెర మీద. నిందితులందరూ బడి పిల్లలే. విచారణలో అందరూ చెప్పే మాట ఒక్కటే: "నేనేం చేయలేదు."

ఆ మాట చాలాసార్లు నిజమే. మైన్‌క్రాఫ్ట్‌లో అడవికి నిప్పంటుకోవాలంటే ఎవరూ కుట్ర చేయనక్కర్లేదు. అక్కడి నిప్పుకు కొన్ని నియమాలున్నాయి. అవి తెలియకుండా చెక్కతో ఇల్లు కట్టి, లోపల ముచ్చటగా ఒక పొయ్యి వెలిగిస్తే మిగతా పని అదే చూసుకుంటుంది. ఆ నియమాలేమిటో, మన అసలు అడవుల్లోని నిప్పుకు అవి ఎంతవరకు సరిపోతాయో నిదానంగా చూద్దాం. తొందరేం లేదు, రహదారి ఎలాగూ కదలడం లేదు.

ముందుగా ఆడనివారి కోసం నాలుగు మాటలు. స్వీడన్‌కు చెందిన మార్కస్ పెర్సన్ ఈ ఆటను 2009 మేలో జనం ముందుకు తెచ్చాడు. పూర్తి రూపం 2011 నవంబరులో వచ్చింది. ఆ లోకమంతా బ్లాకులతో చేసింది, ఒక్కో బ్లాకు ఒక మీటరు. మట్టి, రాయి, దుంగ, ఆకు అన్నీ ఆ కొలతలోనే. తవ్వి తెచ్చుకోవడం, పేర్చి కట్టుకోవడం, అంతే ఆట. బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు. ఈ ఆటనూ, దాన్ని తయారుచేసే మొజాంగ్ సంస్థనూ 250 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ఆ కంపెనీ అదే ఏడాది సెప్టెంబరులో ప్రకటించింది. కాబట్టి అల్వాల్ పిల్లవాడి ఇల్లు కాలిపోయినా, ఆ స్థలం మరీ పరాయివాళ్ల చేతుల్లో ఏమీ లేదు. 2023 నాటికి ఆట 30 కోట్ల కాపీలకు పైగా అమ్ముడైంది. అన్ని కోట్ల పొయ్యిలు!

ఇక్కడ చెప్పే లెక్కలు కంప్యూటర్ మీద ఆడే జావా ఎడిషన్‌వి. ఫోన్లలో, టాబ్లెట్లలో ఉండే బెడ్‌రాక్ ఎడిషన్‌లో వివరాలు కొంత మారతాయి, నిప్పు బుద్ధి మాత్రం మారదు.

నిప్పు వంతు వచ్చినప్పుడు

ఆట గడియారం సెకనుకు 20 సార్లు కొట్టుకుంటుంది. ఒక్కో దెబ్బను టిక్ అంటారు. మంట ఉన్న గడికి 30 నుంచి 39 టిక్కులకోసారి, అంటే సుమారు ఒకటిన్నర నుంచి రెండు సెకన్లకోసారి వంతు వస్తుంది. వంతు వచ్చిన మంట రెండు పనులు చేస్తుంది. ఒకటి, తనకు ఆరు వైపులా ఆనుకుని ఉన్న బ్లాకుల్లో కాలే గుణమున్నవాటిని మింగడానికి పాచిక వేస్తుంది. రెండు, చుట్టూ ఉన్న ఖాళీ గడుల్లో కాలే వస్తువుకు ఆనుకున్నవేవో వెతికి, వాటిలోకి పాకడానికి మరో పాచిక వేస్తుంది.

వెతికే పరిధి చిన్నదే: పక్కలకు ఒక గడి, కిందికి ఒక గడి, పైకి నాలుగు గడులు. ఇళ్లు కాలేది ఎక్కువగా ఈ నాలుగు వల్లనే. పొయ్యి చుట్టూ రాతి గోడ కట్టినవాడు పక్కలు చూసుకుంటాడు. మంట మాత్రం పైకప్పు చూసుకుంటుంది.

ప్రతి వస్తువుకూ రెండు అంకెలుంటాయి. మొదటిది మంటను తన దగ్గరికి ఎంతగా రప్పించుకుంటుందో చెబుతుంది, రెండోది అంటుకున్నాక ఎంత త్వరగా బూడిదవుతుందో చెబుతుంది. ఆకులకు 30, 60. చెట్టు దుంగకు 5, 5. కోసిన పలకకు 5, 20. ఉన్నికి ఆకుతో సమానంగా 30, 60. పుస్తకాల అరకు 30, 20. గడ్డికి 60, 100. అందుకే ఆటలో కాలిన అడవికి ఒక ప్రత్యేకమైన రూపం ఉంటుంది: ఆకులన్నీ మాయమై మొండి దుంగలు నిలబడి ఉంటాయి. అలాగే, చెట్టుగా ఉన్నప్పుడు తట్టుకున్న కలప పలకలై ఇంటి గోడ అయ్యేసరికి నాలుగింతలు సులువుగా కాలిపోతుంది. నాగరికతకు ఆట విధించిన పన్ను అనుకోవచ్చు.

మంటకు వయసు కూడా ఉంది, 0 నుంచి 15 దాకా. ముదిరేకొద్దీ పాకే జోరు తగ్గుతుంది. ఒక మంట పుట్టించిన మంట సున్నా నుంచి మొదలుకాదు, తల్లి వయసుతోనో అంతకు ఒకటి ఎక్కువతోనో పుడుతుంది. కాబట్టి దూరం పోయేకొద్దీ మంటలు ముసలివై అలసిపోతాయి. చిత్తడి నేలల్లో, వాన అడవుల్లో పాకే అవకాశం సగమే. వాన పడితే ఆరిపోతుంది. ఆట కష్టస్థాయి పెంచితే రాక్షసులతో పాటు నిప్పుకూ బలం పెరుగుతుంది. ఈ సంగతి మాత్రం చాలామందికి ఇల్లు కాలాకే తెలుస్తుంది.

ఈ లెక్కలో ఎక్కడా గాలి లేదు. అడవి ఎంత పెద్దదో, ఇల్లు ఎవరిదో, ఎన్ని రోజులు పట్టి కట్టారో మంటకు తెలియదు. దానికి తెలిసింది పొరుగు ఒక్కటే. ఆటలో అగ్నిప్రమాదం అంటే ఏ వస్తువు పక్కన ఏ వస్తువు పెట్టాం అన్న లెక్క తప్పడమే.

ఎవరూ ముట్టించని మంటలు

అసలు ముట్టించిందెవరు? చకుముకితో ముట్టించినవాడు దొరికిపోతాడు, వాడిని వదిలేద్దాం. అసలైన నిందితుడు లావా. ఈ లోకం పుట్టేటప్పుడే నేల మీద అక్కడక్కడా లావా గుంటలు ఏర్పడతాయి, కొన్ని సరిగ్గా అడవి మధ్యలో. లావా తన పైన, కాస్త పక్కగా ఉన్న ఖాళీ గడుల్లో మంట పుట్టించగలదు. ఆటగాడు అక్కడికి చేరేలోపే సగం అడవి కాలిపోయి ఉండటం మామూలే.

ఇంట్లో అందం కోసం లావా పెట్టుకునేవారికి ఇంకో చిక్కుంది. లావా ముట్టించే అవకాశం యాదృచ్ఛిక టిక్కుల మీద ఆధారపడుతుంది. ఒక్కో బ్లాకుకు అది సగటున 68 సెకన్లకోసారి వస్తుంది, వచ్చినప్పుడల్లా మంట పుట్టాలనీ లేదు. అంటే పొయ్యి కట్టిన మనిషి నిమిషం సేపు నిలబడి చూసి, బాగానే ఉందని తృప్తిపడి, గనిలోకి దిగిపోయేంత వ్యవధి ఉంటుంది. ఆపైన పొయ్యి తన పని మొదలుపెడుతుంది.

తర్వాతి నిందితుడు పిడుగు. నార్మల్, హార్డ్ స్థాయుల్లో పిడుగు పడిన చోట మంట లేస్తుంది. మామూలు అడవిలో ఆ వెంటే వాన ఉంటుంది కాబట్టి ఆరిపోతుంది. వాన పడని సవానా నేలల్లో పిడుగూ పడదు. 2021లో లైట్నింగ్ రాడ్ వచ్చాక పిడుగును ఒక రాగి కడ్డీ మీదికి మళ్లించుకునే వీలు కలిగింది.

నిప్పు ఇంతకుముందు ఇంకా దుర్మార్గంగా ఉండేది. తొలి రూపాల్లో ఒక్క మంట అడ్డూ ఆపూ లేకుండా కంటికి కనిపించినంత మేర కాల్చేసేది. 2011లో బీటా 1.6తో దాని పాకుడును బాగా తగ్గించారు. 2012లో 'డూ ఫైర్‌టిక్' అనే ఆజ్ఞ వచ్చింది. అది ఆపేస్తే మంట ఉన్నచోటే బొమ్మలా నిలిచిపోతుంది, పాకదు, కాల్చదు. 2019లో పక్కవాటికి అంటని క్యాంప్‌ఫైర్, 2020లో ఆటలోని పాతాళలోకమైన నెదర్ నుంచి అసలు కాలని కలప వచ్చాయి. పదేళ్లపాటు ఇళ్లు కాల్చుకున్న జనానికి కంపెనీ వాయిదాల మీద చెల్లించిన నష్టపరిహారం ఇది.

మరో విచిత్రం. ఆటగాడికి బాగా దూరంగా ఉన్న ప్రాంతం కదలకుండా ఆగిపోతుంది, అక్కడ మంటకు వంతు రాదు. అంటే తగలబడుతున్న అడవిని చూసి పారిపోతే అది కాలడం ఆగుతుంది. ఆర్పుదామని నీళ్ల బకెట్ పట్టుకుని తిరిగొస్తే, వదిలేసిన చోటి నుంచి మళ్లీ మొదలవుతుంది. బాధ్యత గలవాడిని శిక్షించే పద్ధతి ఆటల్లోనూ ఉంది.

దూలపల్లి దారిలో

అల్వాల్‌లో అడవి లేకపోయినా, అడవి చదువు దగ్గర్లోనే ఉంది. కొంపల్లి దాటితే దూలపల్లి, అక్కడ తెలంగాణ అటవీ అకాడమీ. పిల్లల వేసవి సెలవులు, మన అడవుల కార్చిచ్చు కాలం చాలావరకు కలిసే వస్తాయి. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా కవ్వాల్‌లో, నల్లమలలోని అమ్రాబాద్‌లో అటవీ సిబ్బంది పొగ కోసం చూస్తూ ఉంటారు.

వాళ్లు చూసే నిప్పు వేరు. ఇక్కడివి ఎక్కువగా ఆకురాల్చే అడవులు. టేకు, నల్లమద్ది, తునికి ఎండాకాలానికి ఆకు దులిపేసి నేలంతా పరుపులా పరుస్తాయి. నిప్పు ఆ ఎండుటాకుల మీద, గడ్డి మీద నేలబారుగా పాకిపోతుంది, చెట్టు తలలోకి ఎక్కడం అరుదు. పెద్ద చెట్టు మందపాటి బెరడుతో తట్టుకుంటుంది, చిన్న మొలకలు చస్తాయి. ఆటలో ఆకు చెట్టు మీదే కాలుతుంది, ఇక్కడ రాలాక కాలుతుంది. ఆ లోకంలో నేల మీద రాలిన ఆకులు 2025 మార్చిలో గానీ రాలేదు. మొదటి ఎండుటాకు రాలడానికి అక్కడి చెట్లకు దాదాపు పదహారేళ్లు పట్టింది.

ముట్టించేవారి సంగతిలోనూ తేడా ఉంది. మన దగ్గర లావా లేదు, పిడుగు వాటా స్వల్పం, దాదాపు ప్రతి కార్చిచ్చు వెనకా మనిషి ఉంటాడు. ఇప్పపూలు రాలే రోజుల్లో పూలు తేలిగ్గా కనపడాలని చెట్టు కింద ఆకు కాలుస్తారు. తునికాకు కొత్త చిగురు బాగా రావాలని పొదలకు నిప్పు పెట్టేవారున్నారు. పశువులకు పచ్చగడ్డి లేవాలని కాపరులు పెడతారు. ఆర్పకుండా విసిరిన బీడీ సరేసరి. వీళ్లలో అడవిని తగలబెట్టాలనుకున్నవాడు దాదాపు ఉండడు. చెట్టు కింద నాలుగు గజాలు కాల్చాలనుకున్నవాడే, తన మంట పొరుగున ఏముందో చూడనివాడే.

ఈ పొరుగు లెక్క శాస్త్రవేత్తలకూ నచ్చింది. 1992లో డ్రోసెల్, ష్వాబుల్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు కార్చిచ్చుకు ఒక గళ్ల నమూనా ప్రతిపాదించారు. ఒక్కో గడిలో చెట్టో, మంటో, ఖాళీయో ఉంటుంది. మంట పక్క గడిలోని చెట్టుకు అంటుకుంటుంది, ఖాళీ గడిలో మెల్లగా చెట్టు మొలుస్తుంది, ఎప్పుడో ఒకసారి పిడుగు పడుతుంది. నియమాలు ఇంతే. అందులోంచి తేలిన సంగతి మాత్రం బరువైనది: చెట్లు మొలిచే వేగంతో పోలిస్తే పిడుగు ఎంత అరుదైతే, వచ్చినప్పుడు మంట అంత పెద్దది. మధ్యలో ఖాళీలు పూడిపోయి గడులన్నీ ఒకదానికొకటి పొరుగైపోతాయి.

మైన్‌క్రాఫ్ట్‌లో లేనిది ఆ మొలవడమే. ఆకులను కోస్తే, లేదా వాటంతటవే ఎండి రాలిపోతే అప్పుడప్పుడు మొక్క దొరుకుతుంది. మంటలో పోయిన ఆకు ఏమీ ఇవ్వదు. కాలిన అడవి ఎన్నేళ్లు ఆడినా అలాగే ఉంటుంది, ఆటగాడు చేత్తో నాటితే తప్ప. మన టేకు మోడు నుంచి పిలకలు వేస్తుంది. అయితే ఏటేటా నిప్పు పడితే ఆ పిలకలూ పెద్దవి కాలేవు. కాలిన నేల పచ్చబడింది కదా అని నిశ్చింతగా ఉండకూడదని అటవీ శాఖ వాళ్లు చెప్పేది అందుకే.

గళ్లలో కనిపించే అడవి

ఒక పోలిక మాత్రం అనుకోకుండా కుదిరింది. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాల సాయంతో కార్చిచ్చులను పసిగట్టి అటవీ అధికారుల ఫోన్లకు సందేశాలు పంపుతుంది. అందుకు వాడే పరికరాల్లో మోడిస్‌కు ఒక గడి సుమారు ఒక కిలోమీటరు, వీఐఐఆర్ఎస్‌కు 375 మీటర్లు. అంటే పైనుంచి చూసేవారికి నల్లమల కూడా గళ్ల అడవే. ఆ గడిలో ఏ మూల మంట ఉందో నడిచి వెళ్లి వెతకాల్సింది బీట్ ఆఫీసరూ, ఫైర్ వాచరూ.

ఆర్పే పద్ధతిలో ఆటా అడవీ ఒకే మాట చెబుతాయి. ఆటలో మంట పక్కకు ఒక్క గడే పాకుతుంది, పాకిన చోట ఆనుకుని కాలేదేదో ఉండాలి. లెక్క వేస్తే, రెండు చెట్ల గుంపుల మధ్య పక్కకు మూడు గడుల ఖాళీ ఉంటే మంట దాటలేదు. నిట్టనిలువుగా పైకైతే ఆరు కావాలి. అడవిలో చేసేదీ ఇదే. ఎండాకాలం ముదరకముందే ఫైర్ లైన్ల వెంట ఆకు ఊడ్చి, నేల తేల్చి, మంటకు పొరుగు లేకుండా చేస్తారు. బ్లోయర్లు వచ్చాక ఊడ్చే పని కాస్త తేలికైంది. అసలు అడవిలో మూడు మీటర్ల మీద మాత్రం భరోసా పెట్టుకోలేం, ఇక్కడ గాలి ఉంది.

డూ ఫైర్‌టిక్ లాంటి మీట అటవీ శాఖ దగ్గర లేదు. ఉన్నదల్లా నిప్పు పుట్టకముందు ఊడ్చిన నేల. కాబట్టి అల్వాల్ పిల్లలకు చెప్పదగింది రెండు ముక్కలే. ఆటలో పొయ్యి వెలిగించే ముందు తలెత్తి పైకప్పు చూడండి. ఏప్రిల్‌లో పెద్దవాళ్లు శ్రీశైలం దారిలో కారు ఆపి సిగరెట్ వెలిగిస్తే, కిందికి చూడమనండి. "నేనేం చేయలేదు" అనే అవకాశం అక్కడ ఉండదు.