కార్ నికోబార్: ఒక ద్వీపం ‘పాత జీవితాన్ని’ ఎలా వదిలింది, ఏం మిగుల్చుకుంది?

పాత పాపజీవితాన్ని వదిలి కొత్త మనిషిగా బతకడం క్రైస్తవ బోధలో కీలకమైన విషయం. ఎఫెసీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు దీన్ని పాత బట్టలు విడిచి కొత్తవి తొడుక్కోవడంతో పోలుస్తాడు. ఒక మనిషి విషయంలో ఈ మాట సులువుగానే అర్థమవుతుంది. ఒక ద్వీపమంతా అలా మారితే? దేన్ని పాపం అన్నారు, దేన్ని సంస్కృతి అన్నారు, ఆ గీత ఎవరు గీశారు? ఈ ప్రశ్నలకు కార్ నికోబార్ చరిత్రలో కొంత సమాధానం దొరుకుతుంది.

బయటివారు ఓడిపోయిన చోట

శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్)కు దక్షిణంగా ఉన్న నికోబార్ దీవుల మీద యూరప్ మిషనరీల చూపు ముందే పడింది. తరంగంబాడిలోని డేనిష్ స్థావరం అండతో మొరేవియన్ మిషనరీలు 1768లో నాన్‌కౌరీ చేరారు. జ్వరాలకు ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. 1787లో మిషన్ మూతపడింది.

ఆ పని మళ్లీ మొదలుపెట్టింది యూరోపియన్ కాదు, వేదప్పన్ సాల్మన్ అనే తమిళ ఉపదేశి. 1890ల మధ్యలో కార్ నికోబార్‌లోని ముస్ గ్రామంలో ఆయన బడి పెట్టారు. ప్రభుత్వ ఏజెంటు పని కూడా ఆయనే చూసేవారు. 1909లో చనిపోయేనాటికి మతం మారినవారు కొద్దిమందే. అయితే ఆ బడిలో చదివిన ఒక కుర్రాడిని బర్మాలోని మాండలేకు పై చదువుకు పంపారు. అతనే జాన్ రిచర్డ్‌సన్.

‘పాత జీవితం’ అంటే ఏమిటి?

1912లో రిచర్డ్‌సన్ ఉపాధ్యాయుడిగా, ఉపదేశిగా సొంత ద్వీపానికి తిరిగొచ్చారు. అప్పటి నికోబారీల జీవితంలో దుష్టశక్తుల భయం బలంగా ఉండేది. రోగం వచ్చినా, ఊరికి కీడు జరిగినా మంత్రగాడే దిక్కు. ఊరికి కీడు చేస్తున్నారని అనుమానం వస్తే ఆ మనిషిని ఊరివాళ్లు కలిసి చంపిన ఘటనలు కూడా ఉన్నాయి. బ్రిటిష్ అధికారులు వాటిని ‘దెయ్యపు హత్యలు’ అని నమోదు చేశారు.

అందుకే అక్కడ కొత్త జీవితం అంటే తాగుడు మానడమో, అబద్ధాలు మానడమో మాత్రమే కాదు. పొరుగువాడిని అనుమానించి చంపే భయం నుంచి బయటపడటం కూడా.

తెలుగు నేల మీద ఇదే మాటకు వేరే అర్థం వచ్చింది. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో జాన్ క్లౌ మిషన్ ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. వారిలో ఎక్కువమంది మాదిగలు. చచ్చిన పశువుల మాంసం తినకూడదు, ఆదివారం పని చేయకూడదు, విగ్రహాలను పూజించకూడదు అన్నవి అక్కడ ముఖ్యమైన నియమాలు. వెట్టి చేయించుకునే ఊరి పెద్దలతో ఆదివారం పని విషయంలో గొడవలొచ్చాయి. అంటే అక్కడ కొత్త జీవితం కులపు కట్టుబాటును తాకింది.

యుద్ధం తర్వాత మారిన ద్వీపం

1942లో జపాన్ సైన్యం దీవులను ఆక్రమించింది. గూఢచారులన్న అనుమానంతో ఎందరో నికోబారీలను హింసించి చంపింది. రిచర్డ్‌సన్ కూడా చావు అంచుదాకా వెళ్లి, 1945లో యుద్ధం ముగియడంతో బతికి బయటపడ్డారు. కష్టకాలంలో పారిపోకుండా తమతోనే నిలబడిన మనిషి మాటకు విలువ పెరిగింది. యుద్ధానికి ముందు కొద్దిమందిగా ఉన్న క్రైస్తవులు, ఆ తర్వాత కొన్నేళ్లలోనే ద్వీపంలో అత్యధికులయ్యారు.

1950లో ఆయన బిషప్ అయ్యారు. కార్ నికోబారీ భాషలో కొత్త నిబంధన తీసుకొచ్చారు. 1952లో రాష్ట్రపతి ఆయనను తొలి లోక్‌సభకు నామినేట్ చేశారు. 1978లో మరణించారు.

పోనిది ఏమిటి?

మంత్రగాడి పట్టు సడలింది, హత్యలు ఆగాయి. కానీ అన్నీ పోలేదు. చనిపోయిన కుటుంబ పెద్దల పేరిట జరిపే పందుల పండుగ మిగిలింది. పడవ పందేలు మిగిలాయి. అన్నిటికన్నా ముఖ్యంగా ‘తుహెత్’ మిగిలింది. ఇది పెద్ద ఉమ్మడి కుటుంబం. భూమి, కొబ్బరితోటలు, పందులు దాని ఉమ్మడి ఆస్తి. ఒకరికి ఇల్లు కట్టాలంటే అందరూ వస్తారు. పొరుగువాడిని ప్రేమించమన్న బోధకు, తుహెత్ పద్ధతికి పొంతన కుదిరింది కాబట్టి దాన్ని వదలాల్సిన అవసరం రాలేదు.

సునామీ పెట్టిన పరీక్ష

2004 డిసెంబర్ 26. క్రిస్మస్ మర్నాడు, ఆదివారం. ఒడ్డున ఉన్న ఊళ్లను సముద్రం తుడిచిపెట్టింది. తర్వాత వచ్చిన సాయం మంచి ఉద్దేశంతోనే వచ్చింది కానీ లెక్క వేరు. నష్టపరిహారం, ఇళ్లు విడివిడి కుటుంబాలకు ఇచ్చారు. తుహెత్ పెద్ద చేతిలో ఉండే పంపకం బ్యాంకు ఖాతాల్లోకి మారింది. ఉమ్మడితనం సడలిందని, చేతిలోకి ఒక్కసారిగా డబ్బు రావడంతో తాగుడు, తగాదాలు పెరిగాయని అక్కడ పనిచేసిన పరిశోధకులు గమనించారు.

రిచర్డ్‌సన్ కాలంలో మనిషిని మనిషికి శత్రువుగా చేసింది దెయ్యాల భయం. సునామీ తర్వాత ఆ పని ఆస్తి లెక్కలు చేస్తున్నాయి. రెండుసార్లూ నికోబారీల ముందున్న ప్రశ్న ఒక్కటే: పక్కవాడితో కలిసి బతకడం ఎలా? ఆదివారం గుడికి వెళ్లడంతోనే దీనికి జవాబు దొరకదు. పరిహారం పంచుకునేటప్పుడు, కొత్త ఇల్లు కట్టేటప్పుడు అన్నదమ్ములు ఎలా ఉన్నారన్నదాన్ని బట్టే అది తేలుతుంది.