పుత్తూరు కట్టు, పిండికట్టు

పోయిన జూన్ సెలవుల్లో మా అబ్బాయి బ్లాకు కింద ఆటస్థలంలో మంకీ బార్స్ మీంచి జారిపడ్డాడు. ముంజేయి వంకర తిరిగింది. ఊరినుంచి వచ్చి ఉన్న మా అమ్మ, "అక్కడయితే ఈపాటికి పుత్తూరు తీసుకుపోయేదాన్ని" అని ఒకటే కంగారు.

తిరుపతి దగ్గరి పుత్తూరు కట్టు తెలియని తెలుగువాళ్ళు తక్కువే. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురుబద్దలతో కడతారు. మేం మాత్రం టాక్సీలో పిల్లల ఆసుపత్రికి పరుగెత్తాం. ఎక్స్‌రే తీసి, మత్తిచ్చి, ఎముక సరిచేసి పిండికట్టు వేశారు.

పిల్లలూ, మీ ఎముక ఎండుకట్టె కాదు, పచ్చికొమ్మ. ఒక్కోసారి ఒక పక్కే చీలి, రెండో పక్క వంగి ఊరుకుంటుంది. విరిగినచోట ముందు రక్తం గడ్డకడుతుంది. రెండు మూడు వారాల్లో మెత్తటి మృదులాస్థి వంతెనలా అల్లుకుంటుంది. దాంట్లో కాల్షియం చేరి గట్టిపడుతుంది. తర్వాత నెలల తరబడి ఎముక తనను తాను చెక్కుకుంటూ పాత రూపానికొస్తుంది. అతుక్కునేది ఎముకే. కట్టు పని దాన్ని కదలకుండా, తిన్నగా పట్టి ఉంచడం. ముక్కలు అలా నిలవకపోతేనే ఆపరేషను చేసి తీగలో, ప్లేట్లో వేస్తారు.

"మా పుత్తూరువాళ్ళు చేసేదీ అదేగా!" అంది అమ్మ. కాదనలేకపోయాను. కానీ పిల్లల ఎముకల చివర్లలో ఎదుగుదల పొర ఉంటుంది. అది దెబ్బతింటే చెయ్యి పొట్టిగానో వంకరగానో పెరగొచ్చు. చేత్తో తడిమి అది తేల్చలేం.

ఏ కట్టయినా సరే, వేళ్ళు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి పెరిగిపోతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మొదటి రాత్రి గంటగంటకీ లేచి వాడి గోళ్ళు నొక్కి చూశాను, తెల్లబడి మళ్ళీ ఎర్రబడుతున్నాయా అని.

ఆరో వారం కట్టు కోశారు. స్నేహితుల చైనీసు, తమిళ, మలయ్ సంతకాల మధ్య అమ్మ తెలుగులో రాసిన వాడి పేరుంది. ఆ ముక్కను అమ్మ ఊరికి పట్టుకెళ్ళింది.