ఇసుకలో దాగిన కంసావతి

నాగావళి, వంశధారల ఒడ్డు నుండి వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన కుటుంబాలు మనలో ఎన్నో. ఆ నదుల కథలు మన పిల్లలకు చెబుతూనే ఉంటాము. అయితే న్యూ సెటిల్‌మెంట్ వంటి రైల్వే కాలనీలకు నీటి ఆధారమైన కంసావతిని గురించి ఎంతమందికి చెప్పి ఉంటాము?

స్థానికులు ఈ నదిని కాంసాయి, కసాయి అంటారు. పేరు మన చెవికి కటువుగా వినిపించినా, గుణం అది కాదు. పురూలియా జిల్లాలో ఛోటా నాగపూర్ పీఠభూమి అంచున పుట్టి, ముకుట్‌మణిపూర్ వద్ద కుమారీ నదిని కలుపుకొని, మిడ్నాపూర్, ఖరగ్‌పూర్ పట్టణాల నడుమ ప్రవహిస్తుంది. దిగువన దీని ఒక పాయ కేలేఘాయితో కలిసి హల్దీ నదిగా మారి, హల్దియా వద్ద హుగ్లీలో చేరుతుంది.

కాళిదాసు రఘువంశంలో రఘుమహారాజు ఏనుగుల వంతెనపై దాటి కళింగం వైపు సాగిన కపిశా నది ఇదేనని పండితులు భావిస్తారు. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్టను 1847-52 మధ్య నిర్మించిన సర్ ఆర్థర్ కాటన్ ఆలోచనలతో ఏర్పడిన కంపెనీయే 1860ల దశకంలో మిడ్నాపూర్ కాలువను చేపట్టింది. సేద్యానికి, పడవల రాకపోకలకు ఉద్దేశించిన ఆ కాలువను తరువాత ప్రభుత్వం కొని పూర్తి చేసింది. మనకు సంక్రాంతి అయిన రోజునే ఎగువ పల్లెల ప్రజలు టుసు పండుగ జరిపి, టుసును ఈ నీటిలో నిమజ్జనం చేస్తారు.

కంసావతికి మంచుకొండల అండ లేదు; వానలే దాని ఆస్తి. 1978 వరదలలో మిడ్నాపూర్ ప్రాంతాన్ని ముంచెత్తిన నదులలో ఇదీ ఒకటి. వేసవిలో మాత్రం ఇసుక తిన్నెల మధ్య సన్నని పాయగా మిగులుతుంది. అంతమాత్రాన నది ఎండిపోయినట్లు కాదు. ఇసుక రేణువుల నడుమ ఖాళీలు దాదాపు మూడోవంతు ఉంటాయి. అనగా తడిసిన ఒక ఘనమీటరు ఇసుకలో సుమారు 300 లీటర్ల నీరు నిలువ ఉంటుంది. ఇటువంటి నదులలో ఇసుకే జలాశయం, ఇసుకే వడపోత యంత్రం. కనుక నదీగర్భం నుండి ఇసుకను మితిమీరి తవ్వితే పోయేది ఇసుక ఒక్కటే కాదు. వేసవికి దాచుకున్న నీటి కొట్టు కూడా ఖాళీ అవుతుంది. 1956లో పని ప్రారంభమైన ముకుట్‌మణిపూర్ ఆనకట్ట ప్రధానంగా సేద్యం కోసమే. పొలాలు, పట్టణాలు ఒకే నదిని పంచుకోక తప్పదు.

ఇక మన వంతు. సెకనుకొక చుక్క కారే కుళాయి రోజుకు 4 లీటర్లకు పైగా వృథా చేస్తుంది. వంద ఇళ్లలో అలా కారితే, ఘనమీటరుకు మించిన తడి ఇసుక నిత్యం ఆరిపోయినట్లే. అరిగిన వాషరు మార్చడానికి పట్టేది కొద్ది నిమిషాలు మాత్రమే. నదిని కాపాడే పని మన పెరటి కుళాయి వద్దనే మొదలుపెడదాము.