అరుగు అద్దెలాంటి ఆదాయం

మోండా మార్కెట్‌లో మీకో గిన్నెల కొట్టు ఉందనుకుందాం. స్టేషన్ నుంచి నడిచొచ్చేంత దూరం, జనానికి కొదవ లేదు. కొట్టు ముందరి అరుగు మీద పూలావిడ బుట్ట పెట్టుకుంటానంటుంది. గిన్నెలకొచ్చిన ఆడవాళ్ళే పూలూ కొంటారు, మీకు అద్దె ముడుతుంది. వెబ్‌సైటులో ప్రకటనలు వేయించుకోవడం సరిగ్గా ఇదే. జనం రాని కొట్టుకి అరుగున్నా అద్దె రాదు.

ఈ బేరం కుదిర్చే దళారీ ఒకరుంటారు. 2003లో గూగుల్ మొదలుపెట్టిన యాడ్‌సెన్స్ అలాంటిదే. మన తెలుగు దాని జాబితాలోకి ఎక్కింది 2018లో. ప్రకటనదారు ఇచ్చే రూపాయిలో సుమారు 68 పైసలు సైటు వాళ్ళకి. ఒకప్పుడు ఎక్కువగా ప్రకటన నొక్కితేనే డబ్బు, 2024 నుంచి కంటబడితే లెక్క. అలాగని మరిదినీ తోడికోడలినీ పిలిచి మాటిమాటికీ నొక్కించారో, ఖాతాయే మూసేస్తారు!

100 డాలర్లు పోగయితేగాని బ్యాంకుకి పంపరు. కొత్త సైటుకి అందుకు నెలలు పట్టవచ్చు. కుట్టుమిషను మూలపెట్టి దీన్ని నమ్ముకోకండి. నన్నడిగితే, ఆవకాయ గురించి రాసే ఇల్లాలు ఆ పేజీలోనే తన ఆవకాయ అమ్ముకోవడం మేలు. తినే వస్తువు గనక ఇంట్లో చేసినా ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నమోదు తప్పదు.

“ప్రకటనలిప్పిస్తాం, ముందు డబ్బు కట్టండి” అని ఎవరైనా ఫోను చేస్తే పెట్టేయండి. యాడ్‌సెన్స్‌లో చేరడానికి రుసుమే లేదు. ఖాతాలో 10 డాలర్లు చేరాక, చిరునామా సరిచూడటానికి పిన్ అంకెతో ఒక కవరు పోస్టులో వస్తుంది. పోస్ట్‌మాన్‌కి ముందే చెప్పి ఉంచండి.