గోటి క్రింది కొండంత బాధ

స్వల్పమైన నొప్పికి పెద్దగా మూలుగువారిని చూచి, గోరంతను కొండంత చేయుచున్నారని హేళన చేయుదుము. ఆ హేళనకు తావులేని వ్యాధి ఒకటి కలదు. గోటి క్రింద పుట్టు రక్తనాళపు కంతి అది. వైద్యులు దానిని గ్లోమస్ ట్యూమర్ అందురు. అరుదైనది. సాధారణముగా క్యాన్సరు కాదు, ప్రాణము తీయదు. పరిమాణము తరచు కొన్ని మిల్లీమీటర్లే. కాని చన్నీళ్లు తగిలినను, వ్రేలు బల్లకు తాకినను బాధ చేయి పొడుగునా ప్రాకును.

ఇంత చిన్న కంతికి అంత బలమెక్కడిది? మన వ్రేళ్ల కొనలలో రక్తము కేశనాళికలగుండా పోకుండ, ధమని నుండి సిరకు నేరుగా పోవు అడ్డదారులు కలవు. కాలువకు తూములవంటివి అవి. చలివేళ మూసికొని, ఉక్కవేళ తెరచుకొని, చర్మమునుండి వెలువడు వేడిని సర్దుచుండును. వాని చుట్టును కండరపు కణములు, వానిని ఆజ్ఞాపించు నాడీతంతువులు దట్టముగా అమరియున్నవి. ఆ కణములే మితిమీరి పెరిగినచో కంతి యగును. చలికి స్పందించుటయే వృత్తిగాగల చోట పుట్టినది చలికి రేగుట వింత కాదు.

1812లో ఎడింబరో వైద్యుడు విలియం వుడ్ చర్మము క్రింది ఇట్టి బాధాకరమైన గడ్డలను వర్ణించెను. వాని అసలు స్వరూపము తెలియుటకు నూరేండ్లు మించి పట్టినది. 1924లో పియరె మాసన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, అవి ఈ తూముల కణములనుండియే పుట్టినవని చూపెను.

రోగికి అసలు కష్టము, తన మాట నమ్మించుట. పైకి గోటి క్రింద నీలపు ఛాయ తప్ప ఏమియు కనబడదు. ఒక్కొక్కప్పుడు అదియు ఉండదు. పైగా గోటి క్రింది కంతులు స్త్రీలకే ఎక్కువ. చన్నీళ్లలో అంట్లు తోమలేనన్న ఇల్లాలి మాట ఎవరు విందురు? ఏండ్ల తరబడి మనోభ్రాంతి అనిపించుకొని తిరిగినవారు కలరు.

నిజము తేల్చుటకు మొదట కావలసినది గుండుసూది. దాని తలతో గోటిపై మెల్లగా నొక్కుచు పోయినచో, ఒక్క చోట రోగి కెవ్వుమనును. కొంచెము ప్రక్కన నొక్కిన ఉలుకడు. పిమ్మట రక్తపుపోటు కొలుచు పట్టీని చేతికి బిగించి రక్తము ఆపినచో, అదే చోట నొక్కినను నొప్పి తోచదు. ఎమ్మారై పరీక్ష దానికి తోడు. పలు వ్రేళ్లలో కంతులున్నచో న్యూరోఫైబ్రోమటోసిస్ అను జన్యువ్యాధిని గూడ వెదుకుదురు.

చికిత్స, గోరు ఎత్తి కంతిని సమూలముగా తీసివేయుటయే. ముక్క మిగిలిన మరల పెరుగును. పూర్తిగా పోయినచో ఏండ్లనాటి బాధ దానితోనే పోవును. తీసిన గోరు కొన్ని నెలలలో తిరిగి వచ్చును.